అచ్చువేసిన దవడ: ఒక సంవాదము

నోటి క్యాన్సరు మనకు పరాయి వ్యాధి కాదు. 2020వ సంవత్సరమున ప్రపంచమందంతటను పెదవులయందును నోటియందును క్రొత్తగా క్యాన్సరు బయటపడినవారు సుమారు 3,77,000 మంది కాగా, వారిలో 1,36,000 మంది, అనగా మూడింట ఒకవంతునకు మించినవారు, భారతీయులేయని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ అంచనా కట్టినది. వక్క, జర్దా, ఖైనీ, గుట్కా మొదలైనవి చెక్కిలికిని చిగురునకును నడుమనుండు గాడిలో గంటలతరబడి నానుచుండుటచే, ఆ గాడిలోనే పుండు పుట్టి, అచ్చటికి అంగుళమైనను దూరము లేని దవడయెముకలోనికి దిగుట మన రోగులయందు నిత్యము కానవచ్చు విషయము. వ్యాధి దిగిన యెముకను కోసి తీయక తప్పదు. తీసిన పిమ్మట ఆ ఖాళీని దేనితో పూరింపవలెను, ఎంత వ్యయముతో పూరింపవలెను, పూరింపకున్న నేమగును? ఈ ప్రశ్నలమీదనే ఈ సంవాదము నడచినది.

ఇందు మాటలాడు ఇరువురును కల్పితులు. వాదములు మాత్రము ఆస్పత్రి వసారాలలో వినవచ్చునవియే. ఒకరు విశాఖపట్టణమున సర్కారు ఆస్పత్రిలో చిరకాలము ముఖకంఠముల శస్త్రచికిత్సలు చేసి, ఉద్యోగము విరమించియు, వారమునకు రెండుమార్లు పాతచోటికే పోయి చిన్నవారికి సలహా చెప్పు వైద్యులు. రెండవవాడు వారి మేనల్లుడు, సి.టి. చిత్రములనుండి ఎముకల రూపమును గీసి, లోకము త్రీడీ ప్రింటరని పిలుచు త్రిమితీయ ముద్రణయంత్రముపై అచ్చువేయు ఇంజనీరు. నడుమ నడుమ నేను తలదూర్చుట మానుకొనలేకపోయితిని.

ఇంజనీరు: మామయ్యా, మీరు కొట్టిపారవేయుటకు ముందు ఒక్క ఉదాహరణము వినుడు. 2011వ సంవత్సరము జూన్ నెలలో నెదర్లాండ్సులోని సిట్టార్డ్-హెలేన్ పట్టణమున 83 ఏండ్ల వృద్ధురాలికి, వ్యాధిచే చెడిన క్రింది దవడను తొలగించి, దానికి బదులుగా టైటానియముతో అచ్చువేసిన పూర్తి దవడను అమర్చిరి. టైటానియపు పొడిని మిల్లీమీటరులో ముప్పదవవంతు మందమున పరచుట, ఎముక యుండవలసిన చోట మాత్రము లేజరు కిరణముతో కరగించి గట్టిపరచుట, దానిపై మరల పొడిని పరచుట, ఇట్లు పొర వెంట పొరగా పెంచిన ఆ దవడకు ఎముకతో పొత్తు కుదురు పింగాణివంటి పూత పూసిరి. దాని తూకము 107 గ్రాములు. సహజమైన దవడకంటె ముప్పది గ్రాములు మాత్రమే అధికము. శస్త్రచికిత్స నాలుగు గంటలలో ముగిసినది. మరునాటికి ఆమె మాటలాడుచు, మ్రింగుచు నుండెను. ఇంతకంటె మీకు కావలసినదేమి?

వైద్యుడు: నీవు చెప్పక విడిచిన మాట కావలెను, నాయనా. ఆమెది క్యాన్సరు కాదు, ఎముకకు పట్టిన చీము. ఆమె చెక్కిలి, పెదవి, నాలుక, నోటిలోపలి పొర, గడ్డముమీది చర్మము, అన్నియు ఆమెవే, అన్నియు ఆరోగ్యముగా నున్నవే. శస్త్రచికిత్స ముగిసిన పిదప ఆరువారములు కిరణచికిత్స పొందవలసిన అగత్యము ఆమెకు లేదు. మా రోగి సంగతి అట్లు కాదు. వానికి ఎముకతోపాటు లోపలి పొర పోవును. ఒక్కొక్కప్పుడు చెక్కిలి చర్మము సైతము పోవును. ఆ ఖాళీలో నీవెంత నున్నని లోహము నుంచినను, 60 గ్రేల మోతాదు కిరణములు తాకిన తరువాత పలుచబడి, రక్తప్రసారము సన్నగిలిన చర్మము దానిమీద నిలువదు. మొదట గడ్డము క్రింద నీరు కారు చిన్న రంధ్రము, కొంతకాలమునకు ఆ రంధ్రములో తళుక్కుమను లోహము, ఆపైన చీము, ఆపైన లోహమును తీసివేయుట. గడ్డపుభాగమున ఎముక పెట్టక లోహపు ప్లేటుమాత్రము బిగించి పంపిన రోగులు ఎట్లు తిరిగివత్తురో నేను చూచినవాడను.

ఇంజనీరు: మరి ఏమియు పెట్టక పంపినవారు?

వైద్యుడు: వారినిగూడ చూచితిని. గడ్డమును తీసి ఖాళీగా విడిచినచో నాలుకకు ముందువైపు ఆధారము తప్పి వెనుకకు జారును, క్రింది పెదవి వ్రేలాడును, ఉమ్మి ఎడతెగక కారును. అమెరికా వైద్యులు ఈ వికృతికి ఒక పత్రికా హాస్యచిత్రములోని గడ్డములేని మనిషి పేరు పెట్టి, ఆండీ గంప్ అని పిలిచిరి. ఆ పేరున్నది రోగి కంటబడు పుస్తకములో కాదు గనుక సరిపోయినది. ప్రక్కభాగమును మాత్రము తీసినచో అంత ఘోరము కాదు. మిగిలిన దవడ ఒక ప్రక్కకు ఒరుగును, పండ్లు పండ్లకు కలియవు, రోగి జావయు మెత్తని యన్నమును మ్రింగుచు బ్రదుకును. మేము చేసినది ఏమనగా, 1979లో ఏరియన్ అను అమెరికను వైద్యుడు చూపిన మార్గమున, ఛాతీ కండరమును దానిమీది చర్మముతోసహా, రక్తనాళము తెగకుండ, మెడచర్మము క్రిందుగా త్రిప్పి నోటిలోనికి తెచ్చి కుట్టుట. అందులో ఎముక లేదు. కాని సూక్ష్మదర్శిని అక్కరలేదు. పది గంటలు అక్కరలేదు. ఒక్క బల్లమీద ఉదయమొక రోగికి, మధ్యాహ్నమొక రోగికి చేయవచ్చును. వరుసలో ఎందరు నిలిచియుండిరో ఎరిగినవానికి ఆ లెక్క ముఖ్యము.

ఇచ్చట ఒక మాట నేను చెప్పవలసియున్నది. ఛాతీఫ్లాపు అనబడు ఈ పద్ధతిని నేటి యువవైద్యులు కొందరు పాతకాలపు సర్దుబాటుగా చూచుచున్నారు. అది న్యాయము కాదు. మనదేశపు ఆస్పత్రులలో ఎందరి మెడలను, ఎందరి ప్రాణములను ఆ కండరము కాపాడినదో లెక్కించినవారు లేరు. అయినను, నమలలేని నలుబదియేండ్ల మనిషి ఇంటిల్లిపాదితో కలిసి కూర్చుండి భోజనము చేయుటకు సిగ్గుపడి వేరుగా తినుట అను విషయము ఏ వైద్యశాల నివేదికలోను చేరదు గదా.

ఇంజనీరు: లోహపు దవడ క్యాన్సరు రోగికి తగదనుట నేను ఒప్పుకొంటిని, నిజమునకు మేమును దానిని తలపెట్టుట లేదు. అచ్చువేయునది దవడను కాదు. దవడ రోగి కాలినుండియే రావలెను. 1989లో న్యూయార్కులో హిడాల్గో అను శస్త్రకారుడు మోకాలి క్రింద వెలుపలివైపున సన్నగా నుండు ఫిబులా యెముకను దాని రక్తనాళములతోసహా తీసి దవడగా నిలిపినది మొదలు ప్రపంచమంతయు ఆ దారినే నడచుచున్నది. ఆ విధానమున యంత్రమునకు చోటెచ్చట నున్నదో చెప్పుటకే వచ్చితిని.

వైద్యుడు: ఐతే ముందు ఆ విధానమున మనిషికి చోటెచ్చటనో విను. కాలిమీది బరువులో అధికభాగమును మోయునది ప్రక్కనున్న పెద్ద యెముక. ఫిబులా మోయునది స్వల్పము. అందుచేతనే 25 సెంటీమీటర్ల వరకు దానిని తీయవచ్చును. చీలమండ కీలు స్థిరముగా నుండుటకు క్రిందివైపున కనీసము 6 సెంటీమీటర్లు విడువవలెను. ఎముక ప్రక్కగా పోవు పెరోనియల్ ధమని దానికి ప్రాణము. ఆ ధమనిని, రెండు సిరలను, పైని కొంత చర్మమును కలిపి తీసి, మెడలోని ధమనికిని సిరకును కుట్టవలెను. ఆ నాళముల వెడల్పు రెండు మూడు మిల్లీమీటర్లు. కుట్టు దారము తలవెంట్రుకకంటె సన్నము. కుట్టు ముగిసి బిగింపు విడిచిన క్షణమున తెల్లబారిన చర్మము గులాబివన్నె తిరిగినదా, లేదా? రెండు మూడు దినములపాటు రాత్రియనక పగలనక గంటగంటకును సూదితో గ్రుచ్చి, ఎఱ్ఱని రక్తము వచ్చుచున్నదో నల్లని రక్తము వచ్చుచున్నదో చూచు పి.జి. విద్యార్థి మేలుకొనియున్నాడా, లేదా? దీనిలో ఏ భాగమును నీ యంత్రము చేయును?

ఇంజనీరు: ఏ భాగమును చేయదు. అది చేయునది నడిమి భాగము. కాలియెముక నిటారు, దవడ వంపు. బండిచక్రపు అంచును వడ్రంగి కొయ్యముక్కలను వంపుగా అతికి కూర్చునట్లు, ఆ నిటారు ఎముకను రెండుచోట్లనో మూడుచోట్లనో ఏటవాలుగా కోసి మడిచి దవడ వంపు తేవలెను. కోత కోణము రెండు మూడు డిగ్రీలు తప్పినను తునకల నడుమ సందు నిలిచి అతుకు పడదు. తునక 2 సెంటీమీటర్లకంటె పొట్టిదైనచో రక్తము చాలదు. దవడ చివర ఆవలి కీలునొద్ద అరసెంటీమీటరు జరిగినచో ముందుపండ్లు కలియవు. ఈ లెక్క నంతయు మీరు, రక్తనాళము కోయబడి ఎముక శ్వాస బిగపట్టినట్లున్న సమయమున, బల్లముందు నిలువబడి, కంటి అంచనాతో చేయుదురు. మేము దానిని వారము ముందుగా, కూర్చుండి, కంప్యూటరు తెరమీద చేయుదుము. ముఖమునకును కాళ్లకును మిల్లీమీటరు మందపు పొరలుగా సి.టి. తీసి, తెరమీద దవడను కోసి, తెరమీద కాలియెముకను కోసి అతికి, ఆ కోతల కోణములు గల గాడులతో ఒక పట్టెను ప్లాస్టిక్కుతో అచ్చువేయుదుము. దానిని కటింగ్ గైడు అందురు. ఎముకకు అతుక్కొని నిలుచు ఆ పట్టె గాడిలో రంపము నడపినచో కోత తెరమీది కోతయే యగును. పలు ఆస్పత్రుల అనుభవమున దీనివలన బల్లమీది కాలము సుమారు ఒక గంట తగ్గుచున్నది. అనుకొన్న స్థానమునకును వచ్చిన స్థానమునకును భేదము సాధారణముగా ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించుట లేదు.

వైద్యుడు: ఆ సి.టి. తీసి ఎన్నాళ్లైనది?

ఇంజనీరు: గీయుటకు, సరిచూచుటకు, పెద్ద కంపెనీలచేత చేయించినచో తెప్పించుటకు, రెండుమూడు వారములు పట్టును.

వైద్యుడు: ఆ రెండుమూడు వారములు రాచపుండు నీకొఱకు ఆగియుండదు. నీ పట్టెకు ఒక్కటే గాడి, ఒక్కటే కోత. బల్లమీద నోరు తెరచి చూచినప్పుడు పుండు గీతకు అవతలకు ప్రాకియున్నచో పట్టెను తీసి బుట్టలో వేయవలెను. ఇంకొక సంగతి. మాంసపు అంచును కోసి, అప్పటికప్పుడు గడ్డకట్టించి, సూక్ష్మదర్శినిలో చూచి, క్యాన్సరు మిగిలినదో లేదో అరగంటలో చెప్పగలరు. ఎముకకు ఆ సౌకర్యము లేదు. ఎముకను మెత్తబరచి చూచుటకు దినములు పట్టును. కాబట్టి ఎముక విషయమున మాకు గల రక్ష అనుభవముతో విడుచు ఆ సెంటీమీటరు దూరమొక్కటియే. అందమైన తెరచిత్రము, అప్పటికే చేతికి వచ్చిన పట్టె, చెల్లించిన సొమ్ము, ఇవన్నియు కలిసి చిన్నవైద్యుని చేతిని, గీతకు ఇవతలనే కోయుమని ఒత్తిడి చేయవా?

ఇంజనీరు: రెండు గాడులు పెట్టవచ్చును. మొదటి గాడి అనుకొన్నచోట, రెండవది సెంటీమీటరు అవతల. కాలియెముక పట్టెకును అట్లే.

వైద్యుడు: రెండు పెట్టుదువు. పుండు మూడవచోట నుండును.

మామగారి ఈ మాట వినుటకు చమత్కారముగా నున్నను, దీనియందలి భయము నిజమైనది. పథకము చేతికి వచ్చిన పిదప దానిని విడుచుట యెంత కష్టమో శస్త్రచికిత్స ఎరుగనివారికిని తెలియును. మేనల్లుడు దీనికి సరియైన సమాధానము చెప్పలేదనియే నా యభిప్రాయము. అతడు వాదమును వేరొక దిక్కునకు త్రిప్పెను.

ఇంజనీరు: మీ పద్ధతియందును లోపము లేకపోలేదు గదా. దవడను కోయకముందే ప్లేటును దానిమీద వంచి, స్క్రూలకు రంధ్రములు త్రవ్వి, తీసి ప్రక్కన నుంచి, ఎముకను కోసిన పిదప అదే ప్లేటును అవే రంధ్రములలో బిగింతురు. మంచి ఉపాయమే. కాని పుండు ఎముక వెలుపలికి ఉబికియున్నప్పుడు ప్లేటును దేనిమీద వంతురు?

వైద్యుడు: అప్పుడు కష్టమే. కంటితో చూచి వంచుదుము.

ఇంజనీరు: ఒకమారు వంచి, సరిపడక మరల వంచి, ఇట్లు పలుమారులు వంచిన ప్లేటు లోపల బలహీనపడి, సంవత్సరమో రెండు సంవత్సరములో నమిలిన పిదప ఫట్టున విరుగును. మేము ఆరోగ్యముగానున్న రెండవప్రక్క ఎముకను తెరమీద అద్దములోవలె త్రిప్పి, ఉబుకు లేని దవడను అచ్చువేసి మీ చేతికిత్తుము. దానిమీద ముందునాటి సాయంత్రము తాపీగా ప్లేటును వంచుకొని, శుద్ధిచేయించి, ఉదయము బల్లమీదికి తేవచ్చును.

వైద్యుడు: ఇది కొంత మనుష్యులాడు మాటవలె నున్నది. దీనికెంత?

ఇంజనీరు: రెండు తెరగులున్నవి. గైడులును, రోగికి సరిగ్గా సరిపోవునట్లు టైటానియముతో అచ్చువేసిన ప్లేటును పెద్ద కంపెనీలచేత చేయించినచో లక్షలలోని పని. మేజామీద పట్టు చిన్న ప్రింటరుపై పి.ఎల్.ఎ. అను ప్లాస్టిక్కు తీగను కరగించి దవడ నమూనాను తీసినచో, ప్లాస్టిక్కు ఖర్చు వందలలో; కాలము ఒక రాత్రి. గీయుటకు వలయు సాఫ్టువేరులో త్రీడీ స్లైసరు, బ్లెండరు అనునవి ఉచితముగనే దొరకును. మన విశాఖలోనే 2018లో ప్రారంభమైన వైద్యపరికరముల పారిశ్రామికవాడలో ముద్రణ వసతి కలదు. కాకపోతే ఒక్క జాగ్రత్త: ఆ ప్లాస్టిక్కు 60 డిగ్రీల వేడికే మెత్తబడును, 121 డిగ్రీల ఆవిరిలో దానిని శుద్ధిచేయ బూనితిరా, దవడ ముద్దయై బయటికి వచ్చును. నమూనాను గాయమునకు దూరముగా నుంచవలెను, ప్లేటును మాత్రము శుద్ధిచేయవలెను. గాయమును తాకు గైడులకు వేడికి ఓర్చు రెసిను కావలెను.

వైద్యుడు: లక్షల మాట వచ్చినది గనుక నేనును రెండు లెక్కలు చెప్పెదను. 2005లో ప్రచురితమైన తిరువనంతపురము అధ్యయనమున, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికి పోయి, నోరు తెరిపించి కంటితో చూచుట తప్ప వేరొకటి చేయలేదు. పొగాకో మద్యమో సేవించువారిలో నోటిక్యాన్సరు మరణములు సుమారు మూడవవంతు తగ్గినవి. 2015లో బొంబాయి టాటా స్మారక ఆస్పత్రికి చెందిన డిక్రూజ్ బృందము, తొలిదశ నోటిక్యాన్సరులో మెడగ్రంథులను వ్యాధి కనబడువరకు వేచియుండక మొదటి శస్త్రచికిత్సలోనే తీసివేసినచో, మూడేండ్లకు బ్రదికియుండువారు నూటికి 67.5 నుండి 80కి పెరుగుదురని నిరూపించినది. ఒకదానికి కావలసినది టార్చిలైటు; రెండవదానికి కావలసినది అందరికిని ఉన్న కత్తియే, దానిని ముందుగా వాడుట. నీ ముద్రణము రోగి ఆయుర్దాయమును ఒక్కదినము పెంచినట్లు ఎవడైన నిరూపించెనా?

ఇంజనీరు: లేదు. అట్లని నేనెన్నడు చెప్పలేదు. నేను చెప్పునది బ్రదికినవాని సంగతి. మీ టాటావారి ఫలితము చేతనే నూటికి ఎనుబదిమంది మూడేండ్లు బ్రదుకుచున్నారు; ఆ మూడేండ్లును, ఆపై ఇరువదియేండ్లును వారు జావ త్రాగుచునే బ్రదుకవలెనా? చావు తప్పినవాడు చాలునని సంతోషింపవలెననుట వైద్యునికి సులభము, తినవలసినవాడు రోగి.

వైద్యుడు: (కొంత తీవ్రముగా) పండ్ల మాట నీవు చెప్పినంత సులభము కాదు. ఎముక పెట్టినంతమాత్రమున నమలుట రాదు. ఆ ఎముకలో టైటానియపు ఇంప్లాంట్లు నాటి, వానిపై పండ్లు కట్టవలెను. కిరణచికిత్స పడిన ఎముకలో అవి నిలుచుట సందేహము. న్యూయార్కులోని వైద్యులు కొందరు ఒక్కదినములోనే ఎముకను, పండ్లను అమర్చితిమని గొప్పగా చెప్పుకొనిరి. వారు మొదట ఎంచుకొన్నది ఎక్కువగా క్యాన్సరు కాని గడ్డలను. పైగా మన రోగి వక్క నమలి నమలి నోటిలోని పొర నారవలె గట్టిపడి, రెండువ్రేళ్లు పట్టునంతకూడ నోరు తెరవలేక వచ్చును. 2004లోనే వక్కయు క్యాన్సరుకారకమేయని అంతర్జాతీయ సంస్థ తేల్చినది. మనము ఇంకను పెండ్లిపీటలమీద పంచుచున్నాము. తెరవని నోటికి పండ్లెందుకు?

ఇంజనీరు: ఎముక సరియైన ఎత్తున, సరియైన వంపున నిలిచినప్పుడే గదా ఎప్పటికైనను పండ్లు కట్టుటకు అవకాశము? ఈనాడు పండ్లు లేకపోవచ్చును. తప్పుచోట నిలిపిన ఎముకమీద ఏనాటికిని రావు. మిల్లీమీటర్లకొఱకు నేను పోరాడుట అందుకే. కట్టుడుపండ్ల వైద్యుడు ఎట్టి స్థానమున పండు కోరునో ముందుగా నిర్ణయించి, దానినుండి వెనుకకు లెక్కించి ఎముకను ఎచ్చట నిలుపవలెనో గీయుదుము. మీ కాలమున శస్త్రకారుడు ఎముక పెట్టి వెళ్లిపోయిన ఆరునెలలకు దంతవైద్యుడు వచ్చి తల పట్టుకొనువాడు.

ఈ తుదిమాట మామగారిని నొప్పించినట్లున్నది. ఏలయన అది సత్యము. శస్త్రకారుడును దంతవైద్యుడును ఒకే తెరముందు ఒకే సాయంత్రము కూర్చుండుటకు ఈ యంత్రము నెపమైనది. నా మట్టుకు నాకు, లేజరుకంటెను టైటానియముకంటెను ఇదియే దానివలన కలిగిన పెద్దమేలుగా తోచుచున్నది. ఐతే నెపమునకు లక్షలు వెచ్చింపవలెనా యనునది వేరు ప్రశ్న.

వైద్యుడు: పైదవడ సంగతి ఏమందువు? మన శ్రీకాకుళము, విశాఖపట్టణముల తీరపు పల్లెలలో ఆడవారు అడ్డపొగ త్రాగుట, అనగా చుట్ట మండు కొనను నోటిలోపల నుంచి త్రాగుట, ఎన్నితరములుగానో ఉన్నది. అంగిటికి క్యాన్సరు అందువలన వచ్చుననుట 1957లోనే వైద్యపత్రికకు ఎక్కినది. అట్టి తల్లికి అంగిలిలో కొంతభాగము తీసినచో, దంతవైద్యుడు మైనముతో అచ్చుతీసి, ఆ రంధ్రమును మూయు ఆబ్చురేటరును చేసియిచ్చును. త్రాగిన నీరు ముక్కులోనికి రాదు, మాట స్పష్టపడును. తీసి కడుగుకొనవచ్చును. లోపల పుండు తిరుగబెట్టినదో లేదో తీసి చూడవచ్చును. దీనికి మించి నీవేమి యిత్తువు?

ఇంజనీరు: దానికి మించి ఇయ్యను. చిన్న రంధ్రమునకు అదియే మేలు. కనుగ్రుడ్డు క్రిందియెముక వరకు పోయినప్పుడు మాత్రము నన్ను పిలువుడు.

వైద్యుడు: ఆ వివేకము ప్రకటన పత్రికలలో కనబడదేమి? సరే, ఇంకొక ప్రశ్న. ఎక్కడో వేరొక నగరమున కూర్చున్న ఇంజనీరు, నోరు చూడకయే, రోగి పేరు సైతము తెలియకయే గీసిన గీతవెంట రంపము నడచును. గీత తప్పినచో ఎవనిది తప్పు? అదియునుగాక, గైడు లేనిదే కోయలేని, ప్లేటు వంచుట చేతగాని వైద్యులను తయారుచేసితిరా, కరెంటో కంపెనీయో కంటైనరో రాని దినమున వారేమి చేయుదురు?

ఇంజనీరు: తప్పు కత్తి పట్టినవానిదే, కనుకనే గీత మీద అతని చేవ్రాలు లేనిదే మేము అచ్చువేయము. రెండవదానికి నేను మారుపలుకను. నమూనా చేతికిచ్చి, దానిమీద ప్లేటు వంచుటను పి.జి.లకు నేర్పినచో వచ్చు విద్య, ఇప్పుడు రక్తములో తడబడుచు నేర్చుకొను విద్యకంటె తక్కువ కాదనియే నా నమ్మకము.

వైద్యుడు: నమూనా విషయమున నాకు పేచీ లేదు, విను. రోగి భార్యకు చూపి, ఇంత తీసెదము, ఇంత పెట్టెదము అని చెప్పుటకు ఇంతకంటె మంచి సాధనము లేదు, సి.టి. ఫిల్మును వెలుగుకు పట్టి చూపి మేము తలలూపించితిమే గాని వారికి ఏమి తెలిసినది? వందల రూపాయల ప్లాస్టిక్కు దవడను ప్రతి జిల్లా ఆస్పత్రికిని ఇమ్ము. అచ్చువేసిన లోహపు ప్లేటును మాత్రము నా రోగి సొమ్ముతోగాని, సర్కారు సొమ్ముతోగాని కొననీయను.

ఇంజనీరు: కిరణచికిత్స ముందే పడి, తిరుగబెట్టి, రెండవమారు కోయవలసివచ్చినవాడు? గడ్డము, రెండు ప్రక్కలు పోయి, వంచుటకు ఆనవాలే లేనివాడు? వానికిని వద్దందురా?

వైద్యుడు: వారు ఎందరు?

ఇంజనీరు: ఎందరైనను ఉన్నారు. ఒక్కొక్కనికి ఒకటే దవడ.

వైద్యుడు: ... నీ సంచిలో దవడ నమూనా ఒకటి యున్నట్లున్నది. తీయుము.

ఇంజనీరు: మీ ఆస్పత్రిలోనిదే. ఎడమప్రక్క క్రింది చిగురున పుండు. సి.టి.లో ఎముక తినబడిన అంచు ఇదిగో ఇచ్చట. దానికి సెంటీమీటరు విడిచి, ఇచ్చట గీత పెట్టితిని. కాలియెముక రెండు తునకలతో సరిపోవును.

వైద్యుడు: ఎముక అంచు చూచితివి. చిగురుమీది ఎఱ్ఱదనము ముందుకు ఎందాక ప్రాకినదో చూచితివా?

ఇంజనీరు: అది సి.టి.లో కనబడదు గదా.

వైద్యుడు: కనబడదు. దీపముతో చూచినను సగమే కనబడును. మిగిలిన సగము వ్రేలితో తడిమిన గట్టిగా తగులును. మొన్న నేను తడిమితిని. నీ గీతను రెండుపండ్లు ముందుకు జరుపవలెను.

ఇంజనీరు: రెండుపండ్లు జరిపినచో గడ్డపు మలుపు వచ్చును, తునకలు మూడగును. మరల మొదటినుండి గీయవలెను, మామయ్యా.

వైద్యుడు: గీయుము. రెండు తునకల సౌలభ్యముకొఱకు పుండును విడిచిపెట్టుదునా? రేపు ఓ.పి.కి వచ్చి, చేతితొడుగు వేసికొని, నీవుగూడ తడిమి చూడుము. ఆ పిమ్మటనే అచ్చువేయుము.

ఇంజనీరు: ఎన్ని గంటలకు?

వైద్యుడు: ఎనిమిదిన్నరకు. ఈ ప్లాస్టిక్కు దవడను ఇచ్చటనే విడిచి పొమ్ము. ఇది తప్పుగీతదైనను ప్లేటు వంచుట మాపిల్లలకు నేర్పుటకు పనికివచ్చును.